షోలాపురంలో ఆగిన జీపు

షోలాపురము పేరు వినగానే దుప్పటి గుర్తుకు రాని తెలుగువారుండరు. మా ఇంటిలో మాత్రము ముందు గుర్తుకు వచ్చేది మేనత్త. మా తండ్రిగారు పుట్టి పెరిగినది ఆ ఊరి సాలెవాడలోనే. మేము పుణెలో స్థిరపడి ఎన్నో ఏండ్లయినది. అక్కడి నుండి షోలాపురము 250 కిలోమీటర్లకు మించదు. అయినా నిజము చెప్పుకోవలసి వస్తే, 2013లో ఒకసారి వెళ్ళినవారము మళ్ళీ 2024 శ్రావణ పౌర్ణమి దాకా ఆ దిక్కు చూడలేదు. ఆఫీసు పని, పిల్లవాని చదువు, సెలవు దొరకకపోవుట అని చెప్పుకునేవారము. కారణాలకేమి, వెదికితే ఎన్నైనా దొరుకుతవి.

ఆ సంవత్సరము ఆషాఢ మాసములో మేనత్త ఫోను చేసినది. ఆమెకు డెబ్బది ఎనిమిదేండ్లు. “ఏమిరా, తొవ్వ మరిచినవా? నా మోకాళ్ళు పోయినయి. మార్కండేయ రథం జూడక మూడేండ్లాయె. ఈ పున్నానికన్న వచ్చి జూపిస్తవా?” అన్నది. వస్తామని మాట ఇచ్చాము.

మా ఆఫీసులో ఒక మిత్రునికి జీపు ఉన్నది. నాలుగు చక్రాలకూ ఇంజను బలమందే బండి. బురదయినా, రాళ్ళయినా, వాగయినా దానికి లెక్క లేదు. సహ్యాద్రి ఘాట్లలో దాని పరాక్రమము గురించి మధ్యాహ్నము టిఫిను వేళ మేమందరము వినియే ఉన్నాము. “రెండు నెలలుగా షెడ్డులోనే ఉన్నది. తీసుకుపోండి, తిరిగితే దానికీ మంచిదే” అన్నాడు ఆయన. వానాకాలములో ఇంతకన్న తగిన బండి ఏమున్నదని మా శ్రీమతిని, పదునాలుగేండ్ల అబ్బాయిని ఎక్కించుకొని ఆగస్టు 18, ఆదివారమునాడు బయలుదేరాము.

దారి గురించి ఎక్కువ చెప్పుటకేమీ లేదు. ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి వెడల్పయి చక్కగా ఉన్నది. భిగ్వణ్ దగ్గర ఉజనీ జలాశయపు నీరు కనబడినది. ఇందాపూర్, టెంభుర్ణి, మోహోళ్ దాటి సాయంత్రానికి షోలాపురము చేరాము.

ఊరి తూర్పు భాగములోకి తిరిగిన తరువాత దారి అడుగవలసిన పని లేకపోయినది. చెవులే దారి చూపినవి. సాఖర్ పేఠలో ఏ సందు దగ్గర ఆగినా, సాంచాల చప్పుడు ఎక్కడినుండో ఒకచోటినుండి వినబడుతూనే ఉంటుంది. మరమగ్గమును మనవారు సాంచా అంటారు. కింద సాంచాలు, మీద కాపురము. అరుగు మీద స్త్రీలు చేటలో తునికాకు, పొగాకు పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. ఒక అరుగు మీద తెలంగాణపు తెలుగు, పక్క అరుగు మీద మరాఠీ, మలుపు తిరిగితే కన్నడము, ఆపైన ఉర్దూ. నాలుగు భాషలూ ఒకే సందులో అల్లుకొని ఉన్నవి. మా మేనత్త ఒకే వాక్యములో రెండు భాషలు మాట్లాడుతుంది. ఎక్కడ తెలుగు ఆగి మరాఠీ మొదలయినదో ఆమెకే తెలియదు.

మన పద్మశాలీలు తెలంగాణ జిల్లాలనుండి ఇక్కడికి రావడము ఒక్కనాటి సంగతి కాదు. కరువు తరిమినప్పుడు కొందరు, పందొమ్మిదవ శతాబ్దము చివర బట్టల మిల్లులు లేచినప్పుడు కొందరు, ముందు వచ్చిన బంధువుల మాట విని మరికొందరు తరతరాలుగా వచ్చారు. మొదట చేమగ్గము, తరువాత సాంచా. జకార్డు యంత్రము మీద పువ్వులు, నెమళ్ళు దింపిన నూలు దుప్పటి షోలాపురము పేరును దేశమంతటా మోసినది. ఆ దుప్పటికి తరువాతి కాలములో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. ఈ పేటలనుండి వచ్చిన గంగాధర కూచన్ గారు 1980లోనూ, 1984లోనూ లోకసభకు ఎన్నికయినారు. పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూతబడిపోయినవి. చిన్న కార్ఖానాలు మాత్రము కష్టనష్టాలతో నడుస్తున్నవి.

మా మేనత్త భర్త సాంచా నడిపేవాడు. ఆమె నలుబదియేండ్లకు పైగా బీడీలు చుట్టినది. ఆమె కూతురు ఊరి బయట కుంభారి దగ్గర బీడీ కార్మికుల కాలనీలో ఉంటున్నది. నర్సయ్య ఆడం మాస్టరు గారి ఆధ్వర్యాన కట్టిన ఆ పదివేల ఇండ్లను 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ కార్మికులకు అప్పగించారు. ఆ పక్కనే రేనగర్‌లో మరి పదిహేను వేల ఇండ్లను 2024 జనవరిలో ప్రధాని మోదీ అప్పగించారు. “మీరు కూడ అక్కడికే పోరాదా అత్తమ్మా, గాలి వెలుతురు ఉంటుంది” అని మా శ్రీమతి అన్నది. “సాంచా చప్పుడు లేకుంటె నాకు నిద్ర రాదు బిడ్డా” అన్నది మేనత్త.

ఆ రాత్రి కడక్ భాకరీ, పల్లీల పొడి, పెరుగు. ఎన్నో ఏండ్ల కబుర్లు. అబ్బాయి కొంతసేపు జీపులో కూర్చొని ఆ వీథి పిల్లలకు బండిని చూపించి వచ్చాడు.

మరునాడు, 19వ తేదీ సోమవారము, నారళీ పౌర్ణమి. మనకు జంధ్యాల పున్నమి. తెల్లవారేసరికి వీథిలో మగవారందరి భుజాల మీద కొత్త జంధ్యాలు. సాంచాలకు ఆ రోజు సెలవు. మార్కండేయ మహర్షి రథోత్సవము అంటే షోలాపురపు పద్మశాలీలకు ఏడాదికొక పెద్ద పండుగ. పదునారేండ్లే ఆయుష్షని వ్రాసిపెట్టి ఉన్న బాలుడు శివుని పట్టుకొని యముని గెలిచిన కథ అందరికీ తెలిసినదే. ఆయన కుమారుడు భావనా ఋషియే తామర తూడు నారతో మొదటి బట్ట నేసినాడని మనవారి నమ్మకము.

మేనత్త తెల్లవారుజామునే తలస్నానము చేసి, పెట్టెలోని పట్టుచీర కట్టుకొని, టెంకాయ చేత బట్టుకొని అరుగు మీద కూర్చున్నది. మేము ఠీవిగా జీపులో కూర్చొని తాళము తిప్పాము.

‘టిక్’ మన్నది. ఇక ఏమీ లేదు. మళ్ళీ తిప్పితే మళ్ళీ ‘టిక్’. పైనున్న చిన్న దీపము మినుకుమని ఆరిపోయినది. అప్పుడు చూచాము. ఆ దీపపు మీట వేసియే ఉన్నది. రాత్రంతా వెలిగినదన్న మాట!

ఆ క్షణములో మేము చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గుగానే ఉన్నది. వీథిలో పదిమంది ముందు అబ్బాయిని కేకలు వేశాము. “బండిలో ఆటలాడవద్దని చెప్పలేదా? అవ్వను రథానికి తీసుకువెళ్ళవలసిన రోజున బ్యాటరీ చంపి కూర్చున్నావు” అన్నాము. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. ఆమె వాని చేయి పట్టుకొని, మమ్మల్ని చూచి, ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

కొండలెక్కగల బండి చదునైన సందులో నిలిచిపోయినది. నలుగురు కుర్రవాళ్ళు తోయడానికి వచ్చారు. తాళము తిప్పి ఉంచి, రెండవ గేరులో పెట్టి, క్లచ్చి తొక్కి పట్టి, బండి వేగమందుకున్నాక వదలితే ఇంజను అందుకొనవలెను. మాకు తెలిసిన పద్ధతియే. కాని వేగమందుకునేలోపల సందు అయిపోయినది, ఎదురుగా గోడ. రెండుసార్లు చేసి మానుకున్నాము. ఒక కుర్రవాడు, “మూలమీద లారీ ఉన్నది, దాని బ్యాటరీతోటి తీగెలు కలుపుదమా?” అన్నాడు. సరేననబోతుండగా వెనుకనుండి ఒక గొంతు వినబడినది.

“అరే బాబా, ఆగుండ్రి. లారీది ఇరవై నాలుగు వోల్టులు, దీనిది పన్నెండు. కలిపిండ్రంటె బండిల ఉన్న సామానంత కాలిపోతది.”

ఆయన పక్క కార్ఖానాలో జాబరు. సాంచాకు ఏ జబ్బు చేసినా చూచేవాడే జాబరు. యాభై ఏండ్లుంటవి. పసుపు రాసిన కొత్త జంధ్యము, భుజము మీద తువాలు. మూత తెరిపించి, ముందుగా వేలి ఉంగరము, చేతి కడెము తీసి మా అబ్బాయికిచ్చి పట్టుకొమ్మన్నాడు. “లోహం తగిలితె నిప్పు లేస్తది, కొడుకా” అని చెప్పాడు. ఆ తరువాత చుట్టూ చూచి, “బీడీ తాగెటోళ్ళు దూరం జరుగుండ్రి కాకా” అన్నాడు. బీడీల వీథిలో ఆ మాట విని అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. బ్యాటరీనుండి వచ్చే హైడ్రోజను వాయువుకు ఒక్క నిప్పురవ్వ చాలునని తరువాత చెప్పాడు.

జేబులోనుండి చిన్న మీటరు తీసి, బ్యాటరీ సీసపు కొమ్మల మీద రెండు మొనలు ఆనించాడు. పన్నెండుకు కొంచెము తక్కువ చూపినది. మమ్మల్ని తాళము తిప్పమన్నాడు. కొమ్మల మీద అంకె పెద్దగా కదలలేదు. అదే మొనను కొమ్మకు బిగించి ఉన్న పట్టీ మీద ఆనించి మళ్ళీ తిప్పమంటే, అంకె ఒక్కసారిగా నాలుగుకు పడిపోయినది.

“సూడుండ్రి అన్నా. బ్యాటరీల ఉన్నది బయటికి వస్తలేదు. పేక పోగు తెగితె సాంచా ఆగుతది. సాంచా ఖరాబయిందంటమా? పోగు యాడ తెగిందో ఎతుకుతం. గిదీ గంతే.”

పట్టీ చుట్టూ పేరుకున్న పచ్చని, తెల్లని చిలుమును అప్పుడు చూచాము. అది ఒక్క రాత్రిలో పేరుకున్నది కాదు. ఆయన అబ్బాయివైపు చూచి అడిగాడు. “పైన దీపం ఎన్ని వాట్లు?” వాడు బల్బు మీద చదివి పది అన్నాడు. “పది వాట్లు, పన్నెండు వోల్టులు. గంటకు ఒక్క ఆంపియరు గూడ తినదు. రాత్రంత ఎలిగినా ఎనిమిదో తొమ్మిదో. ఈ బ్యాటరీ మీద ఏం రాసున్నది?” వాడు వంగి చూచి అరువది అన్నాడు. “అరువైల తొమ్మిది పోతె బండి ఆగుతదా? మంచి బ్యాటరీ అయితె ఆగది. దీపంది తప్పు గాదు. దీన్ని ఎవ్వలు సూడలే, అదే తప్పు.”

ఆయన మమ్మల్ని ఉద్దేశించి అనలేదు. అయినా మాకు తగలవలసిన చోట తగిలినది. రెండు నెలలు కదలని బండిని తీసుకొని, మూతయినా ఎత్తి చూడకుండా 250 కిలోమీటర్లు తోలుకొచ్చినది మేము. మాటపడినది పిల్లవాడు.

మేనత్త ఇంటినుండి గోరువెచ్చని నీళ్ళు, తినే సోడా వచ్చినవి. జాబరు ముందుగా ఋణపు పట్టీ, అటుపైన ధనపు పట్టీ ఊడదీశాడు. సోడానీళ్ళు పోయగానే చిలుము బుసబుస పొంగినది. ఆ నీరు గదులలోకి పోకుండా మూతలు బిగించి చూచుకున్నాడు. గరుకు కాగితముతో సీసము తెల్లగా మెరిసేదాకా రుద్ది, ఆరబెట్టి, ఈసారి ధనము ముందు, ఋణము తరువాత బిగించాడు. పైన వాసెలైను రాశాడు. ఈ పనిలో సగము మా అబ్బాయి చేతనే చేయించాడు.

తాళము తిప్పితే ఇంజను బద్ధకముగా రెండు చుట్లు తిరిగి ఆగినది. “ప్రాణమున్నది, సత్తువ లేదు” అన్నాడు. దుప్పటి మూటలు మోసే చిన్న టెంపో, ఇక్కడివారు ‘ఛోటా హాథీ’ అనేది, సందులోకి వచ్చినది. దానిదీ పన్నెండు వోల్టులే. డ్రైవరు దగ్గర లావుపాటి తీగెల జత ఉన్నది. రెండు బండ్లు ఒకదానికొకటి తగలకుండా నిలిపి, రెండింటినీ ఆపి, గేర్లు తీసివేశారు. ఎర్ర తీగె ఒక కొస మా బ్యాటరీ ధనానికి, రెండవ కొస టెంపో ధనానికి. నల్ల తీగె ఒక కొస టెంపో ఋణానికి. రెండవ కొస మాత్రము మా బ్యాటరీకి పెట్టలేదు. దూరముగా ఇంజను ఇనుము మీద, రంగు లేని చోట పెట్టాడు. చివరి తీగె కలిపేటప్పుడు నిప్పురవ్వ లేస్తే అది బ్యాటరీకి దూరముగా లేవవలెనట. టెంపో ఇంజను వేసి పది నిమిషాలు ఊరకుండమన్నాడు. ఆ పది నిమిషాలు వీథి వీథంతా కదలకుండా నిలుచున్నది.

“ఇగ తిప్పు” అన్నాడు, మాతో కాదు, అబ్బాయితో. వాడు మావైపు చూచాడు. మేము తాళము వదలి పక్కకు జరిగాము. గేరు తీసియే ఉన్నది గదా. వాడు తిప్పాడు. ఇంజను ఒక్క ఊపున అందుకున్నది. వీథిలో చప్పట్లు. “మార్కండేయుని పండుగ నాడు సచ్చినోడు గూడ లేస్తడు” అన్నది ఒక ముసలమ్మ. పెట్టిన క్రమానికి వెనుక క్రమములో తీగెలు తీశారు.

మేనత్తను ముక్కాలిపీట మీద అడుగు పెట్టించి ఎక్కించాము. పెద్దవీథి మొదట పోలీసులు బండ్లను ఆపివేశారు. ఇంజను ఆపవద్దని జాబరు చెప్పి ఉండడము చేత మేము జీపులోనే ఉండిపోయాము. ఆయన, టెంపో డ్రైవరు, ఇద్దరు కుర్రవాళ్ళు కలసి మేనత్తను కుర్చీలో కూర్చుండబెట్టి ఎత్తుకొని వెళ్ళారు. అబ్బాయి టెంకాయ పట్టుకొని వెంట నడిచాడు. జనము మీదుగా రథము శిఖరము, పూలదండలు మాకు కనబడినవి. మా శ్రీమతి జీపు మెట్టు మీద నిలబడి దండము పెట్టుకున్నది. మేనత్త తిరిగివచ్చినపుడు ఆమె నుదుట గులాలు, కండ్లలో నీళ్ళు. “దగ్గరి నుంచి జూసిన. బాగ జూసిన” అని రెండుసార్లు అన్నది.

ఆనాటి సాయంత్రము బ్యాటరీని ఒక మేస్త్రీ దుకాణములో రాత్రంతా ఆరు ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా నింపుటకిచ్చి, మరొక రోజు సెలవు పెట్టాము. అరుగు మీద జాబరు తీరికగా చెప్పిన సంగతులు, తరువాత మేము చదివి సరిచూచుకున్నవి, మన పాఠకులకు పనికి వచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ సీసపు బ్యాటరీని 1859లో గాస్తోన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. లోపల సీసపు పలకలు, నీరు కలిపిన గంధకామ్లము. ఆరు గదులు, గదికి రెండు వోల్టులకు కొంచెము పైన, వెరసి నిండుగా ఉన్నపుడు పన్నెండున్నర దాటుతుంది. కరెంటు వాడుతుంటే పలకల మీద ఒక తెల్లని పొర కమ్ముతుంది, ఆమ్లము పలుచబడుతుంది. మళ్ళీ నింపితే ఆ పొర కరుగుతుంది. నింపకుండా రోజుల తరబడి వదలివేస్తే గట్టిపడిపోయి ఇక కరగదు. అందుచేత వాడకము కంటె వాడకపోవడమే బ్యాటరీకి ఎక్కువ చేటు.

మోటారు బండికి మీట నొక్కితే లేచే ఏర్పాటు 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లతో వచ్చినది. అంతకు ముందు ఇనుప హేండిలు పెట్టి చేతితో తిప్పవలసినదే. పాత జీపులకు కూడ ముందువైపు ఆ హేండిలు ఉండేది. ఇప్పటి బండ్లకు అది లేదు గనుక బ్యాటరీయే ప్రాణము. ఇంటిలో బండి నిలిపి ఉంచేవారు వారానికొకసారి అరగంటయినా తోలవలెను. ఊరకే అయిదు నిమిషాలు ఇంజను వేసి ఆపితే, లేపడానికి పోయినది కూడ తిరిగి నిండదు. మూతలున్న బ్యాటరీ అయితే నెలకొకసారి పరిశుద్ధమయిన బ్యాటరీ నీరు గీత దాకా పోయవలెను, కుళాయి నీరు పనికిరాదు. మూతలు లేనిదానిని తెరువరాదు. చిలుము కనబడిన రోజుననే తీసివేయవలెను. మూడు నాలుగేండ్లు దాటినదానిని దూరప్రయాణానికి ముందు మీటరు పెట్టించి చూచుకోవలెను. ఇవేవీ పెద్ద ఖర్చు గల పనులు కావు.

బయలుదేరే ముందు జాబరు చేతిలో డబ్బు పెట్టబోయాము. ఆయన చేయి వెనుకకు తీసుకున్నాడు. “మీ నాయిన ఈ వాడల పుట్టినోడు. నా చిన్నప్పుడు మా సాంచా దగ్గర కూసుండి మాకు లెక్కలు చెప్పెటోడు” అన్నాడు. ఆ సంగతి మాకు తెలియదు. తండ్రిగారు ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడుగలేదు. ఆ ఏండ్లలో ఒక్కసారి వచ్చి ఉన్నా ఆ మాట వినేవారమేమో.

తిరిగివచ్చే దారిలో టెంభుర్ణి దగ్గర టీ త్రాగుటకు ఆగినపుడు, నిన్న కేకలు వేసినది మా తప్పని అబ్బాయితో చెప్పాము. వాడు సరే అన్నాడు. కొంతసేపటికి, “బండి మూత నేను చూడవచ్చునా?” అని అడిగాడు. చూడమన్నాము.

మిత్రునికి జీపు ఒప్పజెప్పి జరిగినది చెప్పి, బ్యాటరీ మార్పించడానికి సగము ఖర్చు మేము పెట్టుకున్నాము. తరువాతి నెలలో మేనత్తను చూడబోయినపుడు జీపు అవసరము లేకపోయినది. పుణెనుండి షోలాపురానికి హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఉన్నది. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరికంబమెక్కిన షోలాపురపు నలుగురు వీరులు మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సార్డాల స్మృతికై పెట్టిన పేరది. ఆ రైలు ఎన్నో ఏండ్లుగా మా ఊరినుండే బయలుదేరుతున్నది. టిక్కెట్టు కొనుటకు మేమే ఇన్నాళ్ళు తీసుకున్నాము.

సందు మొదటనే సాంచాల చప్పుడు వినబడినది. అరుగు మీద బీడీల చేట పక్కన పెట్టి మేనత్త, “ఈసారి తొవ్వ దొరికిందా?” అన్నది. అబ్బాయి ఆమె దగ్గర కూర్చున్నాడు. కొంతసేపటికి చూస్తే అక్కడ లేడు. పక్క కార్ఖానాలో జాబరు దగ్గర నిలబడి, తెగిన పోగు ఎక్కడున్నదో వెదుకుతున్నాడు.